అమ్మ మాటను మార్చి చెప్పిన రోజు

మొన్న మా మనవడికి మాటలు ఆలస్యమవుతున్నాయని ఎల్బీ నగర్‌లో మాటలు నేర్పే ఒక మేడం దగ్గరికి తీసుకెళితే, ఆవిడ వాడి పక్కనే చాప మీద కూర్చుని, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ముందుగా అడిగి, ఆ తర్వాతే బొమ్మలు బయటికి తీసింది. మా అమ్మాయి తడుముకోకుండా తెలుగేనంది. అంత చిన్న మాట! పక్కనున్న నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

నా చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. మేము నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉన్న రోజులవి. లారీ నడిపే నాయిన నన్నూ చెల్లెలినీ పట్టుబట్టి ఇంగ్లీషు మీడియంలో వేశాడు. మన తరం వాళ్ళకు చెప్పాలా, బళ్ళో తెలుగు మాట్లాడితే బెంచీ ఎక్కించే కాలం. దానికి తోడు కోస్తా నుంచి వచ్చిన పిల్లలు నా యాసకు కిసుక్కుమనేవాళ్ళు, అందుకని అమ్మ బడి దగ్గరికి వస్తే చాలు, ఆమె ఎవరో తెలియనట్టు నడిచేదాన్ని. చెల్లెలు ఇంట్లో వసపిట్ట. కూరగాయలమ్మే అవ్వను కూడా గడప మీద కూర్చోబెట్టి ముచ్చట్లు చెప్పేది. బళ్ళో మాత్రం నోరు కుట్టేసినట్టు ఉండేది.

దానికి బుద్ధి ఎదగలేదేమోనని పరీక్ష చేయించడానికి బడివాళ్ళు ఎక్కడి నుంచో ఒక మేడంను పిలిపించారు. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు, మధ్యలో మాట చేరవేయడానికి ఏడో తరగతి చదువుతున్న నేను. ఇంట్లో ఏ భాష అని ఆవిడ అడిగింది.

"మాదంత తెలుగే బిడ్డా. మన భాషల అడిగితే గడగడ చెప్తదని మేడంకు జర చెప్పు" అంది అమ్మ.

తలుపు దగ్గర మా తరగతి పిల్లలు ఇద్దరు నిలబడి వింటున్నారు. నాకేం పోయేకాలం వచ్చిందో, నాయిన మాతో ఇంగ్లీషే మాట్లాడతాడని చెప్పేశాను. ఒక్క ముక్క అర్థం కాని అమ్మ, బిడ్డ ఎంత బాగా చెప్పిందోనని మురిసిపోతూ మేడం వైపు తల ఊపింది.

ఇంకేముంది, ఆవిడ అన్నీ ఇంగ్లీషులోనే అడిగింది. చెల్లెలు నా ముఖం చూస్తూ కూర్చుంది తప్ప నోరు విప్పలేదు. మందబుద్ధి అని తేల్చారు. ఆ బడి మాన్పించి అలాంటి పిల్లల బడికి పంపారు, అక్కడ చదువు చెప్పింది తక్కువ, కూర్చోబెట్టింది ఎక్కువ, కొన్నేళ్ళకు అదీ మానేసింది. కడుపుతో ఉన్నప్పుడు తనకొచ్చిన జ్వరమే బిడ్డ తలకెక్కిందని అమ్మ పోయేదాకా ఏడ్చింది. అప్పుడైనా నిజం చెప్పానా? ఛీ, నాదీ ఒక అక్క పుట్టుకేనా!

ఇప్పుడు కాలం మారింది. పిల్లలకు వచ్చిన భాషలన్నిటిలోనూ అడిగి చూస్తున్నారు, మా యాసకు నవ్వేవాళ్ళూ లేరు. చెల్లెలు బడంగ్‌పేట్‌లో పిల్లాపాపలతో చల్లగానే ఉంది, కానీ చిన్నకొడుకు బడిలో మీటింగు అంటే మొగుణ్ణే పంపుతుంది. నువ్వే పోవచ్చు కదే అని నేనెప్పుడు అడిగినా, "నాకేం సమజైతదక్కా, నాది మొద్దుబుర్రనాయె" అని పకపకా నవ్వుతుంది. కాదే తల్లీ, నీది కాదు తప్పు అనాలని గొంతు దాకా వస్తుంది. అనలేక, దానితో పాటు నేనూ నవ్వుతాను.