చేశాక చెప్పే వదిన

మా వదిన ముందు చేస్తుంది, తర్వాత చెబుతుంది. హాలుకు కొత్త రంగు వేయించాకే "రంగు మార్పించాను" అంటుంది. అన్నయ్య తల పట్టుకుంటాడు. నా ఖర్మ కొద్దీ ఆఫీసులోనూ ఆవిడ పక్క కుర్చీ నాదే.

ఆసుపత్రుల్లో మందుల మోతాదు లెక్కకట్టే ప్రోగ్రాం వదిన రాసింది. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పద్ధతి: అన్నీ చిన్న చిన్న ఫంక్షన్లే, ఒక్కోదానికి ఒక్కో లెక్క. ఏది ఏం చేస్తుందో కోడ్‌లోనే కామెంట్ రాయాలి. ఆ కామెంట్లన్నీ ఏరి, వాడేవాళ్లు చదువుకునే పేజీని ఒక టూల్ తనంతట తానే తయారుచేస్తుంది.

ఆ పేజీ చూసి టెస్టింగ్ వాళ్లు గగ్గోలు పెట్టారు. మాత్రల లెక్క అని ఉన్నచోట సిరప్ లెక్క వస్తోందట!

మేనేజర్ మా బల్ల దగ్గరికే వచ్చి వదినతో అన్నాడు, "మధ్యాహ్నం మీటింగ్‌లో ఈ కోడ్ తీసి పక్కన పడేస్తున్నాం. మిమ్మల్ని పర్మనెంట్ చెయ్యాలా, పంపించెయ్యాలా అన్నదీ అక్కడే తేలుస్తాం."

వదిన మాత్రం తాపీగా పేజీ చదువుతోంది.

"ఇదిగో, మొదటి ఫంక్షన్ గురించి ఒక్క ముక్కా లేదు చూడవే."

"రాయడం మర్చిపోయావేమో వదినా."

"నేనా?" గుర్రుగా చూసి కోడ్ తెరిచింది. కామెంట్ ఉంది, ఫంక్షన్ కింద. అన్నిటికీ కిందే! ముందు పని, తర్వాత మాట. కానీ వదిన పెట్టినట్టు కామెంట్ మొదట్లో నిలువు గీత పెడితే, అది తర్వాత వచ్చే ఫంక్షన్‌ది అనుకుంటుంది టూల్. అలా ఎవరి మాట వాళ్ల పక్కింటికి చేరింది. ఆఖరి కామెంట్‌కు ఇల్లే దొరకలేదు.

పగలబడి నవ్వాను. "ఇంటి అలవాటు ఇక్కడ కూడానా! ఇప్పుడు అన్నీ పైకి జరుపుతావా?"

"నేనెందుకు జరపాలి? పైదాని గురించి అని చెప్పే గుర్తూ ఉందిగా." గీతలు తీసేసి, పైకి చూసే బాణం మొనలాంటి గుర్తు పెట్టింది.

మీటింగ్‌లో వదిన చెప్పిందంతా విని మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "లెక్కలు సరైనవే, వివరణలే చోటు మారాయంటారు. సరే, దిద్దడానికి ఎంత టైం కావాలి?"

"దిద్దేశానండీ."

తెర మీద కొత్త పేజీ. టెస్టింగ్ వాళ్లు పట్టుబట్టి ఒక్కో ఫంక్షనూ నడిపి చూశారు. ఒక్కటీ తప్పలేదు! "కోడ్ ఉంటుంది, మీరూ ఉంటారు" అన్నాడు మేనేజర్. గర్వంతో నాకు ఈల వెయ్యాలనిపించింది.

రాత్రి భోజనాల దగ్గర వదిన తీరిగ్గా అంది, "ఇవాళ నా ఉద్యోగం పోవాల్సింది."

అన్నయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "నాకు చెప్పలేదేం?"

"ఇప్పుడు చెబుతున్నాగా. పోలేదులే, తినండి."