బ్లేడు కింద బస్సు టిక్కెట్టు

వడ్రంగుల వీధిలో అందరూ ఆవిడను సానత్త అనేవారు. నిజానికి ఆవిడ ఎవరికీ అత్త కాదు. ఉన్నది ఒక్క మరిది, అతనికి వదిన. అయినా ఉలులూ రంపాలూ మెషీను బ్లేడ్లూ సాన పట్టించుకోవడానికి వచ్చే ప్రతి మగాడూ గుమ్మం దగ్గరే గొంతు సవరించుకుని "అత్తా" అని మెత్తగా పిలిచేవాడు. మెత్తగా పిలవకపోతే ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడలేదు. ఆవిడ పెదవి విరుపు సోకి ఒకసారి ఓ టేకు దూలం తనంతట తనే వంకర పోయిందని వీధిలో చెప్పుకునేవారు. అది అబద్ధం. పోయింది మామిడి చెక్క.

తండ్రి పోయాక సాన మెషీను ఆవిడ చేతికొచ్చి ముప్పై ఏళ్లయింది. వీధి చివర ఒకటే గది. ముందు సగంలో భర్త కుట్టుమిషను, వెనక సగంలో ఆవిడ సాన. ఆయన దర్జీ. ఆయన నోట్లో నాలుక ఉందో లేదో డాక్టరు టార్చి వేసి చూస్తే గానీ తెలియదు. ఇంటికి కావలసిన మాటలన్నీ ఆవిడే మాట్లాడేది.

బ్లేడు వెలుతురుకి పట్టి అంచు మీద గోరు నడిపిస్తే చాలు, దాని యజమాని బతుకంతా చదివేసేది. "ఇది మేకు దెబ్బ. పాత చెక్కలో మేకులు పీకకుండా తోశావు. ఇది ఇసుక. చెక్క పలక తుడవడానికి చేతులు రాలేదా, మోచేతుల దాకా అరిగిపోయాయా? ఇది ఎండిన జిగురు. ఛీ!" ఆ "ఛీ"కి విడిగా డబ్బు తీసుకునేది కాదు. అయినా అందరూ ఆవిడ దగ్గరకే వచ్చేవారు. ఏటి అవతల ఇంకొకడు సాన పట్టేవాడు ఉన్నాడు గానీ, వాడు పట్టిన పదును వారం నిలవదు. ఆవిడ పట్టింది రెండు నెలలు నిలుస్తుంది. పదును కోసం తిట్లు తినడానికి వీధి మొత్తం అలవాటు పడింది.

అన్నిటికన్నా ఆవిడకు ఒళ్లు మండించేది థిక్‌నెస్ మెషీను బ్లేడ్ల కింద కాగితం. ఆ మెషీనులో ఒక వైపు బల్ల మీద పలక పెడితే రోలర్లు లోపలికి లాక్కుంటాయి. పైన డ్రమ్ములో బిగించిన బ్లేడ్లు గిర్రున తిరుగుతూ చెక్కేస్తాయి. అవతలి వైపు నుంచి పలక అంతటా ఒకే మందంతో బయటికి రావాలి. వీధిలో ఎవరి మెషీను నుంచీ అలా వచ్చేది కాదు, ఒక అంచు కాస్త మందంగా వచ్చేది. అందుకని వడ్రంగులు బ్లేడుకి ఒక చివర కింద కాగితం మడిచి పెట్టి ఎత్తు సరిచేసుకునేవారు. సానకి తెచ్చేటప్పుడు ఆ కాగితం నూనెతో బ్లేడుకి అంటుకుని వచ్చేది. బస్సు టిక్కెట్లు, మాత్రల అట్టల వెండి రేకులు, కరెంటు బిల్లులు. ఒక మహానుభావుడైతే కొడుకు మార్కుల కాగితమే చింపి పెట్టాడు.

"వంకర మనుషులకి వంకర మెషీన్లు," అని ఆవిడ ఈసడించుకునేది. "బల్ల సరిచేసుకోవడం చేతగాక బస్సు టిక్కెట్టు పెడతారు. ఆ బస్సెక్కి ఊరొదిలి పోయినా బాగుండు!"

మోకాళ్లు అరిగి, సాన ముందు వంగి నిలబడటం కష్టమయ్యాక ఆవిడకో ఆలోచన వచ్చింది. తనే ఒక పాత థిక్‌నెస్ మెషీను కొనుక్కుని, పలకలు చెక్కి ఇచ్చే పని పెట్టుకుంటే? ఎదురుగా కొత్తగా కడుతున్న గ్రంథాలయంలో చదువుకునే గదికి చెక్క నేల వేయబోతున్నారు. ఆవిడ ఆ పని చూసే మేస్త్రీ దగ్గరకు నేరుగా వెళ్లింది.

"నూట ఇరవై పలకలు. ఈ వీధిలో ఎవడికిచ్చినా నీ నేల మీద కుర్చీ నిలవదు. నాకియ్యి," అంది.

మేస్త్రీ నవ్వాడు. "గురువారానికి ఇస్తావా అత్తా? అన్నీ సమానంగా ఉంటే ఇకమీద నా పలకలన్నీ నీకే. ఒక్కటి తేడా వచ్చినా మళ్లీ నా గుమ్మం తొక్కకు."

"తేడా వస్తే సాన మానేస్తాను," అంది ఆవిడ, నలుగురూ వింటుండగా. అలాంటి మాట అన్నాక ఇంకేముంది, వీధంతా గురువారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

మెషీను అమ్మకానికి ఉన్నది మరిది దగ్గరే. తలుపులు చేసి చేసి విసిగి, ప్లైవుడ్ అల్మారాల్లోకి దిగాడు. ఆవిడ వెళ్లేసరికి మెషీనుకి పైపైన రంగు వేసి, పక్కన నిలబడి పళ్లికిలిస్తున్నాడు.

"కొత్త పెళ్లికూతురులా ఉంది కదా వదినా?"

"రంగు తీసేస్తే ఎవరి ముత్తవ్వో తెలుస్తుంది," అంటూ ఆవిడ బల్ల మీద అరచెయ్యి పెట్టింది. రోలర్లకి చెక్క జిగురు బెల్లం పాకంలా గడ్డకట్టింది. బెల్టు పగుళ్లు వేసింది. డ్రమ్ము చేత్తో తిప్పితే బేరింగు గులకరాళ్లు నమిలినట్టు చప్పుడు చేసింది. "రోజూ పొట్టు ఊడ్చి, బల్లకి మైనం రాస్తే వందేళ్లు ఉండే మెషీను ఇది. నీ చేతిలో పడి పదేళ్లకే ముసలిదైంది. మా తోడికోడలిని తలుచుకుంటే జాలేస్తోంది మరిదిగారూ."

అప్పుడు బ్లేడు విప్పించింది. కింద నాలుగు మడతల బస్సు టిక్కెట్టు.

ఆవిడ దాన్ని రెండు గోళ్లతో, చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు ఎత్తింది. "ఇదేంటి?"

"అది లేకపోతే సరిగ్గా చెక్కదు వదినా."

"బల్ల వంకర అన్నమాట. వంకర బల్లకి సగం ధర."

మరిది నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి, ఆవిడ కనుబొమల వైపు చూసి, మూసేశాడు. "సరే వదినా. సగమే ఇయ్యి." అంత తేలిగ్గా దిగివస్తాడని ఆవిడ అనుకోలేదు. బుర్రలేనివాడికి బేరమెలా తెలుస్తుందిలే అనుకుని బండి పిలిపించింది.

రెండు రోజులు మెషీనుకి సేవ చేసింది. కిరోసిన్‌తో రోలర్లు కడిగింది. గడ్డల్ని గీకేసింది. కొత్త బెల్టు, కొత్త బేరింగులు వేసింది. బల్లకి మైనం రుద్దితే అందులో ముఖం కనిపించింది, ఆ ముఖం కూడా పెదవి విరిచే ఉంది. బ్లేడ్లు తన చేత్తో సాన పట్టుకుని, కింద ఏ కాగితమూ లేకుండా బిగించి, మొదటి పలక తోసింది.

పలక సిల్కులా బయటికొచ్చింది. కొలిచి చూస్తే కుడి అంచు ఇరవై మిల్లీమీటర్లు, ఎడమ అంచు ఇరవైన్నర.

"చూశారా, బల్ల వంకరే!" అంది, సంతోషంగా. సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఉక్కు బద్ద పెట్టి చూస్తే బల్ల తిన్నగా ఉంది. మళ్లీ చూసినా తిన్నగానే ఉంది. ఉక్కు బద్దనే అనుమానించి, పక్క షాపు నుంచి ఇంకోటి తెప్పించింది. తర్వాత డ్రమ్మును తిట్టింది. బేరింగులమ్మినవాణ్ణి తిట్టింది. గది నేల పల్లంగా ఉందని, ఆ నేల వేసిన తాపీ మనిషిని, ఎప్పుడో పోయినవాణ్ణి, పేరుపెట్టి తలుచుకుంది. మంగళవారం సాయంత్రానికి మేస్త్రీ పంపిన నూట ఇరవై పలకలూ గోడకి చేరబడి ఉన్నాయి. ఒక్కటీ చెక్కలేదు.

"పోనీ ఆ టిక్కెట్టు ముక్క మళ్లీ పెట్టి చూడకూడదూ?" అన్నాడు భర్త, పాంటు కింద మడత కుడుతూ.

ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి సూదిలో దారం దానంతటదే బయటికొచ్చింది. "నేను? టిక్కెట్టు?"

ఆయన మళ్లీ దారం ఎక్కించుకున్నాడు. కాసేపాగి, ఎవరితోనూ కానట్టు అన్నాడు. "కాదే, నాకో సందేహం. కాగితాలు పెట్టేవాళ్లందరూ బ్లేడుకి ఒకే చివర ఎందుకు పెడతారు? కంపెనీ నంబరు కొట్టిన చివరే కదా నువ్వెప్పుడూ తుడిచేది?"

"వెధవలందరికీ ఒకటే తెలివి."

"కావచ్చు. పదకొండు షాపుల్లో పదకొండు బల్లలూ ఒకే వైపు వంకర పోయాయేమోలే." కత్తెర తీసుకుని దారం తెంపాడు. "నా దగ్గర కుట్టించుకున్న పాంట్లన్నిటికీ ఎడమ కాలే పొట్టి అనుకో, నేను కాళ్లని తిట్టను."

ముప్పై ఏళ్లలో ఆయన ఒకే ఊపులో మాట్లాడిన మాటల్లో అదే పొడుగైనది. ఆవిడ తిట్టకుండా లేచింది. దానికే ఆయనకు భయమేసింది.

ఆవిడ సాన మెషీను దగ్గరకు వెళ్లింది. బ్లేడు కూర్చునే ఇనుప కమ్మీ మీద, ఎప్పుడూ నంబరు చివర ఎడమవైపు ఉండేలా ఆవిడ బ్లేడు బిగించేది. కమ్మీకి, రాయికి మధ్య ఈ చివరా ఆ చివరా కొలిచింది. ఎడమ చివర అర మిల్లీమీటరు రాయి వైపు లేచి ఉంది. బోల్టులు విప్పి కమ్మీ ఎత్తింది. ఎడమ బోల్టు పక్కన, కందిగింజంత వెడల్పున ఆకుపచ్చ రంగు బొట్టు ఒకటి నలిగి, ఎండి గట్టిపడి ఉంది.

ఆ రంగు ఆవిడే వేసింది. పన్నెండేళ్ల క్రితం, తన మెషీను మిగతావాళ్ల డొక్కు మెషీన్లలా ఉండకూడదని. రంగు ఆరేదాకా ఓపిక పట్టక కమ్మీ బిగించేసింది. అప్పటి నుంచి ఈ వీధిలో ప్రతి బ్లేడు నంబరు చివరా అర మిల్లీమీటరు ఎక్కువ అరిగింది. ప్రతి తలుపూ, ప్రతి మంచం కోడూ, ప్రతి బెంచీ, కాగితం సరిచేసింది పోను, అంతో ఇంతో వంకర పోయింది.

ఉలితో ఆ బొట్టు గీకడానికి ఆవిడకు అర నిమిషం పట్టింది. దాన్ని కూడా బ్లేడులాగే వెలుతురుకి పట్టి చూసింది. భర్త మిషను తొక్కడం ఆపలేదు. ఆపితే ఏదైనా అనాల్సి వస్తుందని.

బుధవారం బ్లేడ్లు మళ్లీ సాన పట్టి తోస్తే పలకలు రెండంచులా సరిగ్గా ఇరవై వచ్చాయి. గురువారం పొద్దున్నే మేస్త్రీ పదింటిని కొలిచి, పదకొండోదాన్ని కొలవడం దండగని వదిలేశాడు. "మాట నిలబెట్టుకున్నావు అత్తా," అన్నాడు. పలకల సంగతి తేలిపోయింది. ఇప్పుడు తనకు తెలిసింది నోరు మూసుకుని దాచేసుకుంటే ఎవరికీ తెలియదు. వీధిలో ఆవిడ మాట అలాగే ఉంటుంది.

టీ కొట్టు దగ్గర వడ్రంగులందరూ చేరే వేళ చూసి అక్కడికి వెళ్లింది. మరిది గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ బల్ల తిన్నగానే ఉంది," అంది, తిట్టినట్టే.

"ఏంటి వదినా?"

"చెవుల్లో పొట్టు దూరిందా? బల్ల తిన్నగా ఉందన్నాను. నా కమ్మీయే లేచి ఉంది. పన్నెండేళ్లుగా. నీకు మిగతా సగం ధర ఇంటికి పంపిస్తాను. అందరూ రేపు బ్లేడ్లు తీసుకురండి, ఊరికే పట్టి ఇస్తాను. ఇక ఎవడైనా నవ్వాలంటే ఇప్పుడే నవ్వండి. మళ్లీ మళ్లీ రాలేను."

ఎవరూ నవ్వలేదు. అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. మరీ పట్టిపట్టి చూస్తున్నారు.

మరిది గొంతు సవరించుకున్నాడు. "మాకు తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"నీ సాన ఒక పక్కకి పోతుందని. చాలా ఏళ్లుగా తెలుసు."

"మరి చెప్పి చావలేదేం?"

"నీతోనా?" మరిది నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆ మాట నీతో చెప్పడం కన్నా మెషీను సగం ధరకి అమ్ముకోవడమే తేలిక అనిపించింది."

ఆవిడ కొంగు నడుముకి బిగించింది. పదకొండు మంది పిరికిపందలు, ఉలి పట్టిన చేతులతో గాజులు తొడుక్కోవలసినవాళ్లు, ఒక ఆడదాని కనుబొమలకి జడిసి వీధి వీధంతా వంకర తలుపులు బిగించిన ఘనులు అని, ఆ వీధి అంతకుముందు వినని తిట్లు తిట్టింది. టీ కొట్టువాడు పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

మర్నాడు అందరి బ్లేడ్లూ సరిగ్గా పట్టింది. ఆ మర్నాడు అందరూ మళ్లీ వచ్చి గుమ్మంలో వరసగా నిలబడ్డారు. ఇప్పుడు పలకలు రెండో వైపు వంకరగా వస్తున్నాయి. కాగితం ఒక్కటీ చాలక, ఎప్పుడో అందరూ తమ బల్లలను కూడా ఆవిడ సానకి తగ్గట్టు కాస్త ఒక పక్క లేపుకున్నారు.

ఆవిడ స్పానరు, ఉక్కు బద్ద సంచిలో వేసుకుని షాపు షాపుకీ బయల్దేరింది. ఒక్కో బల్ల కింద కూర్చుని బోల్టులు సరిచేస్తూ, దాని యజమానిని నోరారా తిట్టింది. వాళ్లు కిక్కురుమనకుండా దీపం పట్టుకున్నారు. అలా ఏడు షాపులయ్యాయి. ఎనిమిదోది ఒక కుర్చీల వడ్రంగిది. వీధిలో అందరికన్నా బెదురు మనిషి, ఆవిడను చూస్తే అంగడి మూసేసేవాడు. ఆవిడ బోల్టు బిగిస్తుంటే అతను దీపం అటూ ఇటూ కదిపి, రెండుసార్లు నోరు తెరిచి మూసి, చివరికి అన్నాడు.

"అత్తా, అక్కడ పావు తిప్పు ఎక్కువైందేమో."

ఆవిడ చెయ్యి ఆగింది. ఆవిడ ఉక్కు బద్ద పెట్టి చూసింది. మళ్లీ చూసింది. బోల్టు పావు తిప్పు వదులు చేసింది.

"ఈ నోరు పన్నెండేళ్లు ఏ గూట్లో పెట్టుకున్నావురా?" అంది. "ఆ దీపం అక్కడ పెట్టి ఇటు రా. మిగతా మూడు షాపుల్లోనూ నువ్వే చూడు, నేను బిగిస్తాను. తప్పయితే చెప్పు."

"తిడతావు కదత్తా."

"తిడతాను. అయినా చెప్పు."