అందరూ తీసినంక మనదొక్కటి

నా నోరు మంచిది కాదని మా వాడకట్టులో అందరూ అంటారు. నిజమే. మంచిగా చెప్తే వినేవాళ్లయితే నాకీ నోరెందుకు వచ్చేది?

మాది మక్తల్ దగ్గరి ఊరు. ఊరి చివర మా పదిహేను ఇళ్లు, వాటి వెనకే చెలకలు. ఇళ్లకూ, చెలకల్లోని బోరు మోటర్లకూ కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. మా గోడకు ఆనుకునే చాచా ఇల్లు. మా పిల్లలందరి బడి బట్టలూ కుట్టిన దర్జీ ఆయన. కరోనా వచ్చిపోయాక ఊపిరితిత్తులు చెడి, మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని బతుకుతున్నాడు. కరెంటు ఉంటేనే ఆ మిషన్ నడుస్తుంది.

ఒక ఎండాకాలం గాలిదుమారానికి స్తంభాలు పడిపోయి మూడు రోజులు కరెంటు లేదు. నల్లా రాలేదు. చేత్తో కొట్టే బోరింగు ఎప్పుడో చెడిపోయి ఉంది. చాచాను మంచంతో సహా ట్రాక్టరెక్కించి దవాఖానకు తీసుకుపోయాం. చాచా భార్య చాచి దారి పొడుగునా ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి, అది లేస్తున్నదా లేదా అని చూస్తూ కూర్చుంది. ఆ చెయ్యి చూశాక నాకు చాలా రోజులు అన్నం సయించలేదు.

మళ్లీ ఇట్లా కావద్దని ఇల్లిల్లూ తిరిగాను. కొట్లాడి బోరింగు బాగు చేయించాను. ఇంటికో డ్రమ్ము నీళ్లు నింపి పెట్టమన్నాను. జొన్నలున్నాయి కదా అని ఒకామె అంటే, "కరెంటు లేకుంటే గిర్ని నడుస్తదా? జొన్నలు బుక్కుతవా? పిండి పట్టించి పెట్టుకో" అని కసిరాను. చాచా ఇంట్లో ఒక నిండు ఆక్సిజన్ సిలిండర్ పెట్టించాం. రెండు రోజులకు ఢోకా లేదు.

ఇక మిగిలింది ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే మోటరు దానంతటదే మొదలయ్యేటట్టు స్టార్టర్ డబ్బాలో పెట్టుకునేది. వెనకట కరెంటు చీకట్లో దొంగలా వచ్చిపోయే రోజుల్లో, మోటరు వేయబోయి పాము కరిచి పోయినవాళ్లున్న ఊరు మాది. ఆ భయంతో పెట్టుకున్నారు, తప్పు లేదు. ఇప్పుడు పగలంతా కరెంటు ఉంటున్నా దాన్ని వదలరు. పోయిన కరెంటు తిరిగి రాగానే పన్నెండు మోటర్లు ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎట్లా తట్టుకుంటుంది? లైన్‌మన్ ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది.

బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టాను. "మీ మోటర్ల కింద చాచా ఊపిరున్నది. ఎవరు తియ్యరో ఇప్పుడే చెప్పున్రి" అన్నాను. అందరూ తీస్తామన్నారు. ఒకడైతే కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ముందుగా మాదే తీస్తామని చెప్పి, ఆ సాయంత్రమే మా ఇంటాయనను చెలకకు తోలుకుపోయి దగ్గరుండి ఆటో స్టార్టర్ వైరు ఊడదీయించాను.

మరుసటి ఎండాకాలం మళ్లీ దుమారం, మళ్లీ స్తంభాలు. ఈసారి నీళ్లున్నాయి, పిండి ఉంది, బోరింగు పోస్తోంది. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం గర్వమే అయింది. రెండో రోజు మధ్యాహ్నానికి సిలిండర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి దిగింది. అప్పుడే లైన్‌మన్ ఫోన్ చేశాడు. "అయిపోయిందక్కా, ఇప్పుడే ఇస్తున్నం" అన్నాడు.

కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది. పిల్లలు ఓ అని అరిచారు. చాచి మిషన్ స్విచ్ వేసి నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వు ఇంకా ముగియనే లేదు, వెనక చెలకల్లో మోటర్లన్నీ ఒక్కసారే మొత్తుకున్నాయి. ఢాం అని చప్పుడు. బయటికి ఉరికి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద నల్లటి పొగ.

కొత్తది రావడానికి నాలుగు రోజులన్నారు. చాచా మళ్లీ ట్రాక్టరెక్కాడు. ఈసారి పెదవులు నీలంగా అయ్యాయి.

ట్రాక్టరు కనుమరుగు కాగానే నేను చెలకల మీద పడ్డాను. మొదటి డబ్బా తెరిచాను. వైరు ఉంది. "నీ నోట్ల మన్నువడ, ఎందుకు తియ్యలేదురా?" అంటే, "అందరు తీసినంక మాదొక్కటుంటే ఏమైతదనుకున్ననక్కా" అన్నాడు. రెండోవాడిదీ అదే మాట. మూడోవాడిదీ అదే. ఒట్టేసిన మనిషిదీ అదే! ఎవరో రాసిచ్చి బట్టీ పట్టించినట్టు. నాకు పిచ్చి లేచింది. వాణ్ణి రెక్క పట్టి మా చెలకకు గుంజుకుపోయాను. "రా, మా డబ్బా చూసి బుద్ధి తెచ్చుకో" అని మూత తెరిచాను.

వైరు ఉంది. కొత్త నల్ల టేపు చుట్టి, గట్టిగా బిగించి ఉంది.

వాడు తల తిప్పుకుని గట్టు దిగి పోయాడు. ఒక్క మాటన్నా నాకు అంత బాధ ఉండేది కాదు.

మా ఇంటాయనను అడిగితే నేల చూపులు చూశాడు. "టమాట తోట ఎండుతాందే. అందరు తీసిన్రు గదా, మనదొక్కటుంటే ఏమైతది అనుకున్న" అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ మీదనే గొంతు చించుకున్నాను.

మరునాడు దవాఖానకు పోయాను. చెప్పేద్దామనే పోయాను. చాచా మూతికి మాస్కుతో దిండుకు ఆనుకుని ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు గానీ, ఇక కరెంటు సరిగా లేని ఇంటికి పోవద్దని డాక్టరు చెప్పాడట. మక్తల్‌లో కూతురింటికి పోతారట. మా గోడ పక్కన ఇక మిషన్ చప్పుడుండదు.

నన్ను చూడగానే చాచా మాస్కు జరిపి, పక్క మంచం మీది ముసలాయనకు చూపించాడు.

"నిన్న చెప్తి గద భాయ్, గీ బిడ్డనే. ఊరంత మోసం జేసింది. గీమె ఒక్కతే మాట మీద నిలవడ్డది."

ఇంత నోరున్న దాన్ని. తెచ్చిన జొన్నరొట్టెల మూట చాచి చేతిలో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా బస్సెక్కి వచ్చేశాను.