ముందు గేటుకు సూది, వెనక గేటుకు చీపురు

కరోనా రెండో ఏడు. జగిత్యాలలో మా ఆఫీసు గేటుకు అడ్డంగా మా సారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండు డోసులూ పడినవాళ్లకే ప్రవేశం. ఆయన వాలకం చూస్తే దేశంలోని వైరసంతా మా గేటు ముందే లైను కట్టిందనిపించేది. కోరుట్ల నుంచి బస్సులో వేలాడుతూ వచ్చే నేను రెండు డోసులూ వేయించుకున్నాను. రెండో సూదికి నేను పెట్టిన కేక గోదావరి దాటింది. అయినా టీకా మీద నాకు కోపం లేదు. కోపమల్లా ఆ కుర్చీ మీదే.

మా ఆఫీసు ఊడ్చే అక్కకు మొదటి డోసుకే ముఖం వాచి, ఊపిరాడక జగిత్యాల ఆస్పత్రిలోనే చేర్చారు. రెండోది వద్దన్నాడు డాక్టరు. ఆ చీటీ చూపించినా సారు కదల్లేదు.

"సర్టిఫికెట్ లేకుంటే లోపలికి రావద్దమ్మా. హాజరు లేదు."

"ఏసుకుంటె సస్తవని డాక్టరే చెప్పిండు సారూ. నౌకరి వోతె గూడ సచ్చుడేనాయె," అంది అక్క.

టీకా స్వచ్ఛందమని ప్రభుత్వమే చెప్పింది. చట్టం ఇవ్వని అధికారం ఈయనకెక్కడిది?

"ఏ ఉత్తర్వు సారూ?" అని అడిగాను.

"పైనుంచి."

పైకి చూశాను. వేపకొమ్మ మీద కాకి తప్ప ఎవరూ లేరు.

అక్క బయటే ఉండిపోయింది. నాలుగైదు రోజులకే మా మరుగుదొడ్ల వాసన ధర్మపురి దాకా పోయి ఉంటుంది. హాజరు రిజిస్టరు రాసే గుమాస్తాను కనుక సారు నన్ను పిలిచి గొంతు తగ్గించాడు.

"ఆమెను ఎనుక గేటునుంచి రమ్మను. బాత్రూంలు కడిగి పోతది. రిజిస్టర్ల మాత్రం ఎక్కియ్యకు."

నా కడుపు మండింది. ఆ మంట మీద జిల్లా మొత్తానికి అన్నం వండొచ్చు. కబురు చెప్పగానే అక్క చీపురు పట్టుకుని ముందు గేటుకే వచ్చింది.

"ముందట గేటుకాడుండే రోగం ఎనుక గేటుకు వోతె వోతదా సారూ?"

"ఎనుక గేటునుంచి రమ్మన్న మాటే కాయితం మీద రాసి సంతకం వెట్టుండ్రి," అని నేను పెన్ను చేతికిచ్చాను.

సారు దాన్ని తేలును చూసినట్టు చూశాడు. రాస్తే ఉత్తర్వవుతుంది, దానికి చట్టమేదని ఎవరో ఒకరు అడుగుతారు. సంతకం లేనిదే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి ఆ రోజు రాయడం మరిచాడు. మెల్లగా కుర్చీ జరిపాడు. అక్క ముందు గేటు నుంచే లోపలికి నడిచింది.

పోయిన రోజుల హాజరు మాత్రం నన్ను వేయనివ్వలేదు.

"గా దినాలు ఆమె రాలేగద," అన్నాడు సారు.

"రానియ్యంది ఎవలు సారూ?" అని అరిచాను.

ఈ కేక కుర్చీ దాకా కూడా పోలేదు.