విరమించని సమ్మె

తాటిచెట్టు మీద సాంబయ్య కాళ్ళు ఎన్నడూ వణకలేదు. నేల మీదనే వణికేవి. కోరుట్ల పక్క పల్లెలో తాళ్ళు గీసి బతికే ఇల్లు అతనిది. పొద్దున కల్లు దించడం, పొద్దుగూకేసరికి కోరుట్లలో బ్రాండి దుకాణం ముందు కూలబడడం. భార్య వసంత అతన్ని రిక్షాలో, ట్రాలీలో, ఒకసారి పసుపు బస్తాల మీద వేసుకొని ఇంటికి తెచ్చుకుంది.

ఊరూరా తెలంగాణ మాటే నడుస్తున్న రోజులవి. కోరుట్లలో నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అందరికంటే గట్టిగా "జై తెలంగాణ" అన్నది సాంబయ్యే. పొయ్యి మీది పప్పు గుండిగను తన్నుకొని పడ్డదీ సాంబయ్యే. పప్పంతా తారు మీద పారింది.

"గీ తాగుబోతులతోని తెలంగాణ వస్తదా? లేపుండ్రి వీన్ని!" అని రెక్క పట్టి పక్కకు లాగేశారు. వసంత కొంగు నోట్లో కుక్కుకొని నిలబడిపోయింది.

అక్కడే చాయ్ హోటల్ నడిపే దావీదు ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. ఒకప్పుడు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసిన మనిషి.

"చెల్లె, వీనికంటె అధ్వాన్నంగ పడ్డోన్ని నేను. తాగి మగ్గంల చెయ్యి పెట్టబోయిన. ఆదివారం జగిత్యాలల కూసుంటం. మానినోల్లం, మానాలె అనుకున్నోల్లం. తోల్కరా."

"ఏడ కూసుంటరన్నా?"

"చర్చి పక్క అర్రల."

"మేం ఎల్లమ్మను కొలిచేటోల్లం గదనే?"

"అర్ర చర్చిది, మాటలు మాయి. ఎల్లమ్మకు కోపం రాదు తియ్యి."

ఆ ఆదివారం వసంత మొగుణ్ణి బస్సులో జగిత్యాల తీసుకుపోయి, తాను ఆ గది గడప దగ్గర కూర్చుంది. లోపల ఒక్కొక్కరు లేచి, పేరు చెప్పి, నేను తాగుబోతును అంటున్నారు. సాంబయ్య వంతు వచ్చింది. "నా పేరు సాంబయ్య. నేను... తాళ్ళెక్కుత" అని చటుక్కున కూర్చున్నాడు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. దావీదు చాయ్ పోశాడు.

బ్రాండి మానేశాడు. వసంత ఎల్లమ్మకు కొబ్బరికాయ కొట్టింది. కొన్ని వారాలకు అతను అదే అర్రలో రొమ్ము విరుచుకొని, "చుక్క ముట్టలే" అన్నాడు.

"మరి గీ వాసనేందే?" అన్నారెవరో.

"అది కల్లు! కల్లు మందెట్లయితది? బాలింతలకు సుత తాపుతరు!"

అతను అబద్ధమాడలేదు. గడప దగ్గరున్న వసంత కూడా అట్లనే అనుకుంది.

"ఊరందరికి అది కల్లే తమ్మీ, నీకు మాత్రం మందే" అన్నాడు దావీదు. "మల్ల మొదటి నుంచి షురూ చెయ్యి."

గీసినవాడు ముందు గుక్క తాగి చూపిస్తేనే కొనేవాళ్ళకు నమ్మకం. తెల్లారి ఒకాయన, "ఎట్లున్నదే సాంబన్నా కల్లు?" అని అడగనే అడిగాడు. సాంబయ్య దిక్కులు చూశాడు. వసంత దొప్ప అందుకొని గుక్కెడు తాగింది.

"తియ్యగున్నది. పోసుకోండ్రి."

"గిదేందే! అన్న ఎక్కుడు, వదినె తాగుడా?"

"నువ్వు సుత ఎక్కు. నీ పెండ్లాం తాగుతది."

ఆనాటి నుంచి రుచి చూసే పని వసంతదే.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. సాంబయ్య, దావీదు ఒక్క సైకిల్ మీద, వంతులవారీగా తొక్కుకుంటూ జగిత్యాల పోయారు. దారిలో ధర్నా చేసేవాళ్ళు ఆపి, ఎటు పోతున్నారని అడిగితే, "నా గొంతు సుత సమ్మెల ఉన్నది. దాని మీటింగుకు పోతున్న" అన్నాడట సాంబయ్య. వాళ్ళు ఈల వేసి దారిచ్చారు. ఆ మాట ఊరంతా పాకింది.

సమ్మె ముగిసి బస్సులు నడిచాక సాంబయ్య తండ్రి పోయాడు. మూడోనాడు పిట్టకు పిండం పెట్టేటప్పుడు, పోయినవారికి దొప్పతో కల్లు మట్టి మీద సాక పోసి, ఆ దొప్పలో మిగిలింది మొదట కొడుకు తాగాలి. ఆ తర్వాతే కులపోళ్ళు. చిన్నాయన భూమయ్య దొప్ప నింపి చేతిలో పెట్టాడు. ఈ దొప్ప వసంత అందుకునేది కాదు.

"తాగురా. బస్సులు నడుస్తున్నయ్, సమ్మె ఒడిసింది. ఇంకా నీ గొంతుకేం రోగం?"

కల్లు అంచు దాటి సాంబయ్య వేళ్ళ మీద కారింది. వంగి, సగం మట్టి మీద పోశాడు. ఆగాడు. మిగిలిన సగం కూడా అక్కడే పోశాడు.

"బాపూ, నా వాటా సుత నువ్వే తాగు. ఉన్నన్నొద్దులు నీ వాటా నాకు పెట్టినవ్." భూమయ్య దిక్కు తిరిగి, "బస్సులది ఒడిసింది కాకా. నాది విరమించని సమ్మె" అన్నాడు.

"ముసలోని నసీబు! పోయినంక రెండు వాటాలు" అన్నారెవరో. ఏడ్చేవాళ్ళు కూడా నవ్వారు. భూమయ్య ఒక్కడు నవ్వలేదు.

తెలంగాణ వచ్చింది. సాంబయ్య తాళ్ళెక్కాడు, కల్లమ్మాడు, ఆదివారాలు జగిత్యాల పోయాడు. కొత్తగా వచ్చి నోరు పెగలనివాళ్ళకు తన మొదటిరోజు ముచ్చట చెప్పి నవ్వించేవాడు. మొన్నటి ఎండాకాలం జ్వరం పట్టి పోయాడు.

మూడోనాడు మెట్‌పల్లి చుట్టమొకాయన రివాజు ప్రకారం బ్రాండి సీసా తెచ్చి, పిట్టకు పెట్టిన ఆకు పక్కన పెట్టాడు. వసంత నోరు తెరిచేలోపే ముసలి భూమయ్య కట్టెతో దాన్ని పక్కకు జరిపాడు.

"తియ్యుండ్రి గది. మావోడు సమ్మెల ఉండే పోయిండు. ఇప్పుడు చెడగొడ్తరా వాన్ని?"

దావీదు వెంట తెచ్చుకున్న ఫ్లాస్కు మూత తీశాడు. వసంత చాయ్ దొప్పలో పోసుకొని, మట్టి మీద వంచింది. మిగిలింది మొదట తాగింది భూమయ్యే.