మోచేతి గాలికి మోగిన తిత్తి

నిన్న చంద్రపూర్‌లోని తుకుం బజారులో తెగిన చెప్పు కుట్టించుకోవడానికి ఆగాను. ఆ మనిషి తోలు మీద ఆముదం రుద్దుతున్నాడు. ఎండకు వేడెక్కిన తోలూ ఆముదమూ కలిసిన ఆ వాసన తగలగానే, వచ్చిన పని మరిచిపోయి కాసేపు అలాగే నిలబడ్డాను. ఇన్నేళ్ళయినా నాకు అది ఓదెలు కాక ఇంటి వాసనే.

ఓదెలు కాక ఆ ఊరికి దగ్గరే ఉన్న పద్మాపూర్‌లో మా పక్క క్వార్టర్లో ఉండేవాడు. మంచిర్యాల వైపు నుంచి మా నాన్నతో కలిసి బొగ్గు గని పనికి వచ్చాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. సాయంత్రాలు గడప మీద కూర్చుని గొర్రెల కాపరుల పాటలు పాడుకునేవాడు. నేనేమో మరాఠీ బడిలో చదివినదాన్ని. స్నేహితురాళ్ళు ఇంటికి వచ్చిన రోజు ఆ పాట వినబడకుండా కిటికీ మూసేదాన్ని. అతనికి ఆ సంగతి తెలుసు. మర్నాడు ఎదురైతే "సదువు మంచిగ నడుస్తుందా బిడ్డా" అని మాత్రం అడిగేవాడు. తరువాత బొగ్గు ధూళి అతని ఊపిరితిత్తులకు పట్టింది. పని మానిపించారు. రెండు చరణాలు పాడేలోగా దగ్గు తెర వచ్చేది. కొన్నాళ్ళకు పాడడం మానేశాడు. ఆ గడప మూగబోయాక గానీ, నాకు ఆ పాటలు ఎన్ని కంఠస్థమయ్యాయో తెలియలేదు.

విదేశీ యంత్రాలూ, వాటి వెంట విదేశీ ఇంజనీర్లూ మా వైపు రావడం మొదలైన రోజులవి. నాకు ఉప్పర్వాహి దగ్గర ఒక సిమెంటు కర్మాగారంలో టైపిస్టు ఉద్యోగం దొరికింది. ఒక ఆదివారం సాయంత్రం ఆ ఇంజనీర్ల కోసం కర్మాగారం కాలనీ మైదానంలో కచేరీ పెట్టారు. ఐర్లండ్ నుంచి ఇద్దరు, మనవాళ్ళు ముగ్గురు కలిసి వాయించే బృందమది. నాకు రెండు పాసులు ఇచ్చారు. నాన్నకు డ్యూటీ ఉండడంతో ఓదెలు కాకను వెంట తీసుకెళ్ళాను.

వాళ్ళ దేశపు ఫిడేలు గంతులు వేస్తూ పరిగెత్తుతుంటే మన తబలా దాన్ని వెన్నంటి వెళ్ళింది. జనం చప్పట్లు కొట్టారు. తరువాత ఒక ఐర్లండ్ ఆమె ఒళ్ళో తోలు సంచి పెట్టుకుని కూర్చుంది. సన్నగా, ఎక్కడా తెగకుండా ఒకే స్వరం మొదలైంది. దాని మీద మన గాయకుడు ఆలాపన అందుకున్నాడు. కాక నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"గది తిత్తి బిడ్డా. మా అయ్య ఊదేటోడు, నేను పాడేటోన్ని. మేకతోలుతోని చేస్తుండె."

"మీ అయ్య ఊదింది ఇలాంటిదేనా?" అన్నాను.

"అదే, కాని ఊదుతలేదు సూడు. మోచేయితోని గాలి కొడుతుంది ఆమె. నోరు ఖాళీగనే ఉంది."

కచేరీ అయ్యాక అతను నేరుగా వేదిక దగ్గరికి నడిచాడు. "దమ్ము లేనోడు గూడ వాయించొచ్చా, అడుగు" అన్నాడు. నా టైపింగు ఇంగ్లీషులో తంటాలు పడి అడిగాను. ఆమె అతని ఛాతీ వైపు ఒకసారి చూసింది. తన నడుముకున్న పట్టీ విప్పి అతనికి కట్టింది. దానికి చిన్న కొలిమి తిత్తి లాంటిది ఉంది, మోచేత్తో నొక్కితే సంచిలోకి గాలి పోతుంది. మొదట కీచుమంది. నాలుగోసారికో ఐదోసారికో ఆ స్వరం నిలబడింది. కాక కళ్ళు మూసుకుని, గొర్రెలు తప్పిపోయిన కాపరి పాట ఎత్తుకున్నాడు. మధ్యలో ఊపిరందక ఆగాడు. స్వరం మాత్రం మోగుతూనే ఉంది. ఊపిరి కూడదీసుకుని మళ్ళీ దానిలోకే వచ్చాడు. వైర్లు చుడుతున్న తబలా ఆయన చేతిలో పని ఆపేశాడు.

తిరుగు బస్సులో కాక ఒక్కటే అన్నాడు. "నేను ఆగినా అది ఆగుతలేదు బిడ్డా."

నెల తిరగకుండా అలాంటిదే ఒకటి తయారు చేసుకున్నాడు. మేకతోలుకు రోజూ ఆముదం పట్టించాడు, కమ్మరి దగ్గర చిన్న కొలిమి తిత్తి అడిగి తెచ్చాడు. ఎన్నిసార్లు కుట్టినా ఏదో ఒక మూల గాలి పోయేది. చివరికి మోగింది. ఆ చలికాలమంతా అతను పాడితే నేను మరాఠీ అక్షరాల్లో రాసుకున్నాను. తిరిగి చదివి వినిపిస్తే నవ్వేవాడు. మరాఠీ రాతలో ఎ, ఏ రెంటికీ ఒకటే గుర్తు. అతను చెరువు అంటే నేను చేరువు అని చదివేదాన్ని.

"నీ కాయితం మీద నా పాట నత్తి కొడుతుంది బిడ్డా" అన్నాడు.

సిగ్గేసింది. నాన్నతో మంచిర్యాల నుంచి ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని, ఇరవైమూడో ఏట అ ఆలు దిద్దాను. చదవడం రాని కాక నా ఎదురుగా కూర్చుని, నేను పైకి చదివే ప్రతి మాటా తప్పో ఒప్పో చెప్పేవాడు. ఈ రాతను నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ చలికాలం చలవే.

మరుసటి వానాకాలం కాక పోయాడు. అంతకు రెండు రోజుల ముందు చంద్రపూర్ ఆసుపత్రిలో, మంచం మీదే ఒక పాట చెప్పాడు. చివరిదైన మూడో చరణంలో, ఆఖరి పంక్తి సగంలో ఉండగా దగ్గు వచ్చింది. "కడమది రేపు చెప్త" అన్నాడు. మర్నాడు మాట్లాడే స్థితిలో లేడు. ఆ సగం పంక్తి కోసం మంచిర్యాల వైపు చాలామందిని అడిగాను. తలా ఒక మాట చెప్పారు. కాక నోట వచ్చే మాటలా ఏదీ అనిపించలేదు.

ఇప్పుడు ఇద్దరు మేనకోడళ్ళకు ఆ పాటలు నేర్పుతున్నాను. ఆ చరణం దగ్గర నేను ఆగి, సగం పంక్తి మేర ఖాళీ వదిలి, మళ్ళీ పల్లవి అందుకుంటాను. వాళ్ళూ సరిగ్గా అంతసేపే ఆగుతారు. పాటే అలా ఉంటుందనుకుంటారు. నేను సరిదిద్దను.