మర పట్టిన యాంటెన్నా

ఆ రోజుల్లో ఆకివీడు విలేకరి అంటే వార్త రాసేవాడే కాదు, రాసిన కవరును ఏలూరు బస్సు డ్రైవరు చేతిలో పెట్టి బతిమాలేవాడు కూడా. అలాంటి కాలంలో మా బావగారి చేపల ప్యాకింగ్ షెడ్డుకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. దాని వైర్‌లెస్ సిగ్నల్ మాత్రం ఐసు ఫ్యాక్టరీ దాకా వచ్చి, వెనకనున్న నా గది మొహం చూడకుండా ఆగిపోయేది. (తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.) బయట బిగించే పెద్ద యాంటెన్నా కోసం తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ అందరూ రేడియో సాయిబుగారనే పెద్దాయన షాపు ఉంది.

"మీ రౌటరు మూతి మధ్యలో సూది ఉందాండీ, బెజ్జం ఉందాండీ? మరలు ఒకేలా ఉంటాయి గానీ కనెక్టర్లు వేరండీ" అన్నారాయన. చూడలేదని చెప్పడం పత్రికవాడికి నామోషీ కదా, "సూదేనండీ" అన్నాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డు మీద వెదురుబొంగు నిలబెట్టి యాంటెన్నా కట్టాం. చెరువుల మోటార్లతో జీవితం గడిపిన బావగారు కనెక్టరు మరకు పైపుల తెల్ల టేపు చుట్టి మరీ బిగించారు. "మర పట్టిందంటే నీళ్లు పారినట్టేనయ్యా!" అన్నారు. పారలేదు. ఐసు ఫ్యాక్టరీ దాకా వచ్చే సిగ్నల్ కూడా చచ్చింది. నా కోపానికి హద్దు లేదు. 'గూడెంలో యాంటెన్నాల మోసం' అని, షాపు పేరుతో సహా మూడు పేరాలు నిప్పులు చెరిగి, మధ్యాహ్నం బస్సుకిచ్చి పంపి, యాంటెన్నా, రౌటరు పట్టుకుని మళ్లీ తాడేపల్లిగూడెం దెబ్బలాటకు బయల్దేరాను.

సాయిబుగారు నాకు టీ తెప్పించి, టేపు ఊడదీసి, బావగారి రౌటరు మూతిలోకి తొంగి చూశారు. "రౌటరుకీ, యాంటెన్నాకీ రెంటికీ బెజ్జమేనండీ. లోపల ఒకదాన్నొకటి తాకితేగా! మీరు సూదన్నారు కదండీ?" అంటూ, పల్లెత్తు మాట అనకుండా వేరే కనెక్టరు వేసిచ్చారు. టీ గ్లాసు బల్ల మీదే వదిలేసి లేచాను. తెల్లారితే ఆయన పేరు జిల్లా అంతా చదువుతుంది. పక్కనున్న ఫోను బూత్‌కి పరుగెత్తి, ఏలూరు డెస్కు ఇన్‌చార్జిగారికి ఫోన్ చేశాను.

"సార్, ఆ మోసం ఐటం ఆపేయండి సార్!"

"ఎప్పుడో పక్కన పడేశాను. మోసమని ఐదుసార్లు రాశావు, షాపాయన్ని ఒక్క మాట అడిగావా? ఫోన్ పెట్టెయ్."

సాయంత్రానికి నా గదిలోకి సిగ్నల్ వచ్చింది. ఆ ఐటం ఎర్ర సిరా గీతలతో తిరిగొచ్చింది, ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పుడప్పుడూ తీసి చదువుతాను. ఎంత ధార, ఎంత ధర్మాగ్రహం! అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ రాయలేకపోయాను. అందులో ఒక్క ముక్క నిజం లేదు, అంతే.